పాత గోవా బోమ్ జీసస్ దేవాలయానికి మళ్ళీ సున్నపు గచ్చు వేయాలా, ఎర్ర రాతిని అలాగే ఉంచాలా?

శౌరి_గుంటూరు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా విచారణ (పారిష్) యువజనులతో కలిసి డిసెంబరులో పాత గోవా యాత్రకు వెళ్ళాలని అనుకుంటున్నాము. శౌరయ్య, శౌరమ్మ, శౌరిరాజు అనే పేర్లు ప్రతి వీధిలోనూ వినిపించే ఊరు మాది. ఆ పేర్లకు మూలమైన పునీత ఫ్రాన్సిస్ శౌరి వారి దేహాన్ని భద్రపరచిన బోమ్ జీసస్ బసిలికాయే మా యాత్రకు ముఖ్య గమ్యమని వేరే చెప్పనక్కరలేదు. అయితే మొక్కు తీర్చుకొని తిరిగి రావడంతో సరిపెట్టక, ఆ కట్టడాల సంగతి కూడా పిల్లలకు కొంత తెలియాలన్న ఉద్దేశంతో దొరికినవి చదువుతున్నాను.

ఆ చదువులో ఒక విషయం నాకు కొరుకుడు పడలేదు. పాత గోవాలోని సే కథీడ్రల్, పునీత కాజెటాన్ దేవాలయం, పునీత అస్సీసి ఫ్రాన్సిస్ దేవాలయం తెల్లటి సున్నపు పూతతో ఉంటే, వాటికి కూతవేటు దూరంలోనే ఉన్న బోమ్ జీసస్ మాత్రం పూత ఏమీ లేకుండా ఎర్రటి రాయి బయటకు కనిపిస్తూ ఉంటుంది. పర్యాటక శాఖ బొమ్మల్లోనూ, యాత్రికులు తెచ్చుకునే జ్ఞాపికల మీదా కనిపించేది ఆ ఎరుపే కాబట్టి, కట్టిన నాటి నుంచి అది అలాగే ఉందని చూసినవారు అనుకోవడం సహజం. కాని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నాటి ఫొటోల్లో అదే దేవాలయం తెల్లగా ఉంది. ఆ పూతను ఎవరు తీయించారు, ఎందుకు తీయించారు? తీయడం వల్ల కట్టడానికి నష్టం జరుగుతున్నదని, మళ్ళీ పూత వేయాలని కొన్నేళ్ళుగా చర్చ నడుస్తున్నదని కూడా చదివాను. ఇందులో ఏ పక్షం మాట నిలుస్తుందో పాత కట్టడాల పని తెలిసినవారు చెప్పగలరా?

ఇంకొక సందేహం. మా యువజనుల్లో చదువుకున్నవారు ఇంక్విజిషన్ గురించి, అంటే మతవిశ్వాసం తప్పారన్న ఆరోపణలపై మనుషులను విచారించి శిక్షించిన చర్చి న్యాయస్థానం గురించి తప్పక అడుగుతారు. దానిని దాటవేయకుండా, యాత్ర ఉద్దేశం చెడకుండా ఎలా చెప్పాలో కూడా ఎవరైనా సలహా ఇస్తే సంతోషిస్తాను.

గానుగసున్నం (సమాధానం):

శౌరి గారూ, నేను హైదరాబాదులో పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్నవాడిని, ముఖ్యంగా సున్నపు పనుల్లో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: తగిన పరీక్షలు చేసిన తరువాత, అచ్చమైన సున్నంతో, ఆ దేవాలయానికి పూత మళ్ళీ వేయవలసిందే. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

బోమ్ జీసస్ పునాది 1594లో పడింది, 1605 మే నెలలో దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. అంటే మన చార్మినార్ కట్టిన 1591కి మూడేళ్ళ తరువాత మొదలైన కట్టడం అన్నమాట. గోడలన్నీ లాటరైట్ రాయి. ముఖభాగంలో స్తంభాలకు, తలుపుల కిటికీల అంచులకు, చెక్కడాలకు మాత్రం వసయి ప్రాంతం నుంచి తెప్పించిన నల్లరాయి వాడారు. లాటరైట్ మనకు కొత్తదేమీ కాదు. జహీరాబాద్, వికారాబాద్ వైపు వెళితే ఇళ్ళూ బావులూ ఆ ఎర్రరాతితోనే కట్టినవి ఇప్పటికీ కనిపిస్తాయి. భూమిలో ఉన్నప్పుడు అది గొడ్డలితో చెక్కగలిగినంత మెత్తగా ఉండి, గాలి తగిలిన తరువాత గట్టిపడుతుంది. గట్టిపడుతుందన్న ఆ మాటను పట్టుకొని చాలామంది దానిని గ్రానైట్‌తో సమానంగా చూస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. లాటరైట్‌లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు గట్టి చట్రంలా ఉంటాయి, ఆ చట్రపు సందుల్లో మెత్తటి మట్టి నిండి ఉంటుంది. వాన నేరుగా కొడుతూ ఉంటే ఆ మట్టి కొద్దికొద్దిగా కడుక్కుపోయి, రాయి తేనెపట్టులా బోలుపడుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే గోవాలో సుమారు 3000 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. అటువంటి వానకు లాటరైట్ గోడను పూత లేకుండా వదిలేయాలని ఆనాటి మేస్త్రీలు ఎవరూ అనుకోలేదు.

వాళ్ళు వేసిన పూత గుల్లసున్నం, అంటే సముద్రపు ఆల్చిప్పలను కాల్చి, ఆర్పి, ఇసుకతో కలిపి చేసిన గచ్చు. మన వైపు గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి వేసే డంగు సున్నానికి అది దగ్గరి చుట్టం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ తిరిగి రాయిగా మారుతుంది, అయినా దాని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ ఆవిరై బయటకు పోతూనే ఉంటుంది. వాన దెబ్బ పూతకు తగులుతుంది, రాతికి తగలదు. కొన్నేళ్ళకు పూత అరిగిపోతే మళ్ళీ వేసుకుంటారు, ఏటా వానాకాలం వెళ్ళాక వెల్ల వేస్తారు. అరిగిపోవడమే ఆ పూత పని. దానిని అలంకారమని తీసివేసినవారు కట్టడానికి ఉన్న గొడుగును తీసేశారు.

ఆ పని 1950ల తొలి సంవత్సరాల్లో, పునీత ఫ్రాన్సిస్ శౌరి వారి 400వ వర్ధంతి సందర్భంగా 1952లో జరిగిన దేహ ప్రదర్శనకు ముందు వెనకల జరిగింది. చేయించినవాడు పోర్చుగల్ నుంచి వచ్చిన వాస్తుశిల్పి బల్తజార్ కాస్త్రో. అక్కడి ప్రభుత్వ స్మారక కట్టడాల శాఖలో ఎంతో అనుభవమున్నవాడు, పనితనం తెలియని మనిషి కాదు. ఆ శాఖ పద్ధతి ఏమిటంటే, పాత దేవాలయాల మీద తరువాతి కాలాల్లో చేరిన పూతలూ అలంకారాలూ తొలగించి, లోపలి రాతిని బయటపెట్టి, అవి మరింత ప్రాచీనంగా కనిపించేటట్లు చేయడం. ఉత్తర పోర్చుగల్‌లోని దేవాలయాలు చాలావరకు గ్రానైటువి కాబట్టి అక్కడ ఆ పద్ధతి రాతికి పెద్దగా హాని చేయలేదు. అదే చూపుతో వచ్చి లాటరైట్ గోడను విప్పడమే పొరపాటు అని నేననుకుంటాను. పైగా, ముఖభాగాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. కింద మూడు ద్వారాలు, వాటి పైన మూడు చదరపు కిటికీలు, ఆ పైన మూడు గుండ్రని కిటికీలు, అన్నిటికీ పైన శిఖరంలో యేసు నామాన్ని సూచించే ఐహెచ్‌ఎస్ చిహ్నం. తెల్లటి గోడ మీద నల్లరాతి చెక్కడం తేటగా కనిపించాలని వేసిన అమరిక అది. ఇప్పుడు ఎరుపులో నలుపు కలిసిపోయి, ఎండ సరిగా పడని వేళల్లో ఆ చెక్కడపు పనే కంటికి ఆనదు.

మళ్ళీ పూత వేయడం సాధ్యమేనా అంటే, మన దగ్గరే ఉదాహరణ ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి జరిగిన పునరుద్ధరణలో, 20వ శతాబ్దంలో మరమ్మతు పేరుతో మెత్తిన సిమెంటును ఒలిచివేసి, సున్నపు గచ్చు తిరిగి వేశారు. సిమెంటు గట్టిది కదా అని వేస్తే, అది తేమను లోపలే బంధించి, ఆ తేమలోని లవణాలు గడ్డకట్టి, ఆఖరికి రాతి ముఖాన్నే పెకలించుకొని ఊడిపడుతుంది. కాబట్టి బోమ్ జీసస్ విషయంలోనూ నేను భయపడేది పూత వేస్తారని కాదు, ఒకనాడు తొందరలో తప్పుడు పూత వేస్తారేమోనని.

పణజి_ప్రవాసి (సమాధానం):

గానుగసున్నం గారు రాసిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. నేను చాలాకాలంగా గోవాలోనే ఉంటున్నాను, ఉద్యోగరీత్యా కట్టడాలతో నాకు సంబంధం లేదు, కాని ఈ వాదోపవాదాలను స్థానిక పత్రికల్లో దగ్గరగా గమనిస్తూ వచ్చాను. నాకు తోచిన అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఏడు దశాబ్దాల వానలు తిన్న రాయి 1605 నాటి రాయి కాదు. పైపొర బోలుపడిన చోట, లవణాలు చేరిన చోట, నడుమ ఎప్పుడో సిమెంటుతో అతుకులు వేసిన చోట కొత్త పూత సమంగా పట్టుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? పట్టుకోకపోతే ఊడేటప్పుడు దానితోపాటు రాతి పొర కూడా వస్తుంది. ఈ మాట పరీక్ష చేయకముందే తేల్చగలిగినది కాదని గానుగసున్నం గారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను.

రెండవది, చారిత్రక కట్టడాల పరిరక్షణకు ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే 1964 నాటి వెనిస్ నియమావళి, ఒక కట్టడం మీద వివిధ కాలాలు వేసిన ముద్రలన్నిటినీ గౌరవించాలని చెబుతుంది. 1950ల నాటి ఎరుపు కూడా ఇప్పుడు చరిత్రే. యునెస్కో 1986లో గోవా చర్చిలనూ మఠాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు బోమ్ జీసస్ ఎర్రగానే ఉంది. ఈనాటి గోవా కతోలికుల్లో ఎక్కువమంది దానిని పుట్టిన నాటి నుంచి ఎర్రగానే చూశారు. పండుగ నాడు ఆ ఎర్ర గోడ ముందు నిలబడి దివ్యపూజలో పాల్గొన్నవారికి అది పరాయి రూపం కాదు. వారి కళ్ళకు అలవాటైన రూపాన్ని, నిపుణులు చెప్పారు కదా అని ఒక్కసారిగా మార్చివేయడం నాకు సమ్మతం కాదు. కాని నిజం చెప్పాలంటే ఇక్కడ ఒక విచిత్రం ఉంది: పూత తిరిగి వేయాలని అందరికంటే గట్టిగా అడిగినది ఆ బసిలికా గురువులే. 2020లో వానలకు ముందు పైకప్పు మరమ్మతు పూర్తి కాలేదని దేవాలయం తరఫున బహిరంగంగా ఆందోళన వ్యక్తమైనప్పుడు, పూత విషయం కూడా మళ్ళీ పైకి వచ్చింది. కట్టడం బాధ్యత భారత పురావస్తు సర్వేక్షణ శాఖది, ఆరాధన బాధ్యత గురువులది. ఒకరికి అది స్మారకం, మరొకరికి నిత్యం పూజ జరిగే ఇల్లు. రెండింటి నడుమ ఏ చిన్న పని తేలాలన్నా కాలం పడుతుంది.

మూడవది, నా దృష్టిలో పూత కంటే ముందు చూడవలసినవి పైకప్పు, గోడల అడుగున నీరు పోయే దారి. పైనుంచి కారే నీరు ఆగకుండా గోడకు ఎంత మంచి గచ్చు వేసినా అది నిలవదు. అలాగే పాత గోవా చుట్టూ పెరుగుతున్న నిర్మాణాల సంగతి. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదని 2010 సవరణతో చట్టం స్పష్టంగానే ఉన్నా, 2021లో పునీత కాజెటాన్ దేవాలయం దగ్గర ఒక ఇంటి నిర్మాణం మీద ఇక్కడి ప్రజలు నెలల తరబడి నిరసన తెలుపవలసి వచ్చింది. గోడ రంగు గురించి మనం వాదించుకుంటూ ఉంటే చుట్టూ ఉన్న నేల చేజారిపోతుందేమోనన్నదే నా దిగులు.

గానుగసున్నం:

పణజి ప్రవాసి గారూ, మీ మూడవ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పైకప్పు ముందు, గోడ తరువాత. మొదటి మాటకు నా జవాబు: అందుకే ముఖభాగం జోలికి పోకుండా, వాన ఎక్కువగా కొట్టే పక్కగోడలో కనపడని ఒక చిన్న భాగం ఎంచుకొని, లవణాలను తడి గుజ్జు పట్టీలతో లాగివేసి, మూడు నాలుగు రకాల సున్నపు మిశ్రమాలు వేసి, కొన్ని వానాకాలాలు గడిచేదాకా గమనించాలి. సున్నపు పూతలో ఉన్న సుగుణం ఏమిటంటే, నచ్చకపోతే తీసివేయవచ్చు. కడుక్కుపోయిన రాతిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. రెండవ మాట దగ్గరే మనకు పొసగదు. వివిధ కాలాల ముద్రలను గౌరవించాలన్న నియమం ఒక కాలం చేర్చిన దానిని కాపాడమని చెబుతుంది. కట్టడాన్ని తినేస్తున్న ఒక లోటును కూడా అలాగే కాపాడమని దానికి అర్థం చెప్పుకోవడం నాకు సబబుగా తోచదు.

చరిత్ర_అధ్యాపకురాలు (సమాధానం):

శౌరి గారి మొదటి ప్రశ్నలోని ‘ఎందుకు తీయించారు’ అన్న భాగానికి పై సమాధానాల్లో సగమే జవాబు వచ్చింది. మిగతా సగం ఆనాటి రాజకీయాల్లో ఉంది.

1950 నాటికి భారత ప్రభుత్వం గోవాను అప్పగించమని పోర్చుగల్‌ను అడగడం మొదలుపెట్టింది. పోర్చుగల్ నియంత సలజార్ ప్రభుత్వం ఒప్పుకోకపోగా, 1951లో తమ రాజ్యాంగాన్ని సవరించి, వలసలనే మాట తీసివేసి, గోవా వంటి ప్రాంతాలను ‘సముద్రాంతర రాష్ట్రాలు’ అని పేర్కొన్నది. గోవా పరాయి నేల కాదని, నాలుగున్నర శతాబ్దాలుగా పోర్చుగల్ దేహంలో భాగమని లోకానికి చూపించుకోవలసిన అవసరం వారికి ఏర్పడింది. అలా చూపించడానికి పాత గోవా కంటే తగిన చోటు ఏముంది? 1952 ప్రదర్శనకు దేశవిదేశాల నుంచి యాత్రికులు, పత్రికలవారు వస్తారు. వారి కంటికి పాత గోవా మామూలు విచారణ దేవాలయాల గుంపులా కాక ఒక ప్రాచీన సామ్రాజ్యపు స్మారకంగా కనబడాలి. ఏటా వెల్ల వేసుకొని కొత్తగా మెరిసే గోడ కంటే, రాళ్ళు తేలిన గోడ ఎక్కువ ప్రాచీనంగా కనిపిస్తుంది. దేవాలయాల నడుమ ఇప్పుడు మనం చూసే విశాలమైన పచ్చిక బయళ్ళూ, తీర్చిన దారులూ కూడా ఈ సర్దుబాట్ల కాలంలో రూపు దిద్దుకున్నవే. 1960లో పోర్చుగీసు మహాకవి కమోయిన్ష్ విగ్రహాన్ని కూడా అక్కడ నిలబెట్టారు. మరుసటి ఏడు డిసెంబరులో గోవా విముక్తమైంది. ఆ విగ్రహం తరువాత పక్కనున్న పురావస్తు మ్యూజియంలోకి చేరింది, ఇప్పుడు అక్కడే ఉంది.

అంటే మనం ఇష్టపడే ఆ ఎరుపు, వలసపాలన చివరి రోజుల్లో తన వయసును తానే ఎక్కువ చేసి చెప్పుకోవడానికి వేసుకున్న వేషం. దానిని ఉంచాలా తీయాలా అన్నది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయమే కాని, అది 16వ శతాబ్దపు రూపమని మాత్రం పిల్లలకు చెప్పకండి. నన్నడిగితే, గోడ పక్కన తెల్లగా ఉన్న నాటి ఫొటో ఒకటి పెట్టి, ఎవరి కాలంలో ఎందుకు మారిందో రెండు వాక్యాలు రాసిన ఫలకం ఏనాడో పెట్టి ఉండవలసింది.

ఇంక్విజిషన్ ప్రశ్నకు వస్తాను. దాటవేయనక్కరలేదు, అలాగని యాత్రంతా దాని నీడలోనే నడపనక్కరలేదు. పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ 1510 నవంబరు 25న, పునీత కేథరిన్ పండుగనాడు నగరాన్ని బీజాపూరు సుల్తానుల నుంచి గెలుచుకున్నాడు. సే కథీడ్రల్‌ను ఆ పునీతురాలికి అంకితం చేయడానికి కారణం అదే. 1540 నాటికి, పాత గోవా ఉన్న తిస్వాడి దీవిలోని ఆలయాలను కూలగొట్టారు. ఆ తరువాతి దశాబ్దాల్లో మంగేశి వంటి దేవతలను భక్తులు నది దాటించి, అప్పట్లో పోర్చుగీసు ఏలుబడి లేని ఫోండా ప్రాంతానికి తరలించుకుపోయారు. ఇంక్విజిషన్ 1560లో మొదలై, 1774లో ఆగి, నాలుగేళ్ళకు మళ్ళీ మొదలై, 1812లో రద్దయింది. దాని భవనం కథీడ్రల్‌కు సమీపంలోనే ఉండేది. 19వ శతాబ్దంలో దానిని కూలగొట్టారు; ఇప్పుడు అక్కడ ఖాళీ స్థలం తప్ప ఏమీ లేదు. ప్రపంచ వారసత్వ జాబితాలోని కట్టడాల మధ్య తిరిగే యాత్రికుడు ఆ ఖాళీ స్థలం మీదుగానే నడిచి వెళతాడు, అదేమిటో తెలియకుండా.

దీనితోపాటు ఇంకొకటి చెప్పండి. ఆ దేవాలయాల్లోని బలిపీఠాల బంగారు పూత చెక్కడాలు, దంతపు ప్రతిమలు చేసిన చేతులు చాలావరకు స్థానిక శిల్పులవి, వారిలో హిందువులు ఎందరో ఉన్నారు. హిందూ శిల్పుల చేత క్రైస్తవ ప్రతిమలు చేయించకూడదని మతసభలు ఒకటికి రెండుసార్లు నిషేధించాయి. పదే పదే నిషేధించవలసి వచ్చిందంటే ఆ పని ఆగలేదనే కదా. పునీత ఫ్రాన్సిస్ శౌరి వారి దేహం ఉన్న వెండి పేటికను 1636, 1637 ప్రాంతంలో మలచినవారు గోవా కంసాలులే. దాని అడుగున ఉన్న పాలరాతి కట్టు మాత్రం టస్కనీ ప్రభువు మూడవ కోజిమో కానుక, ఫ్లోరెన్స్ శిల్పి ఫొజ్జీని చేసినది, 1698లో ఇక్కడ అమర్చారు. ఈ కట్టడాలను కట్టించినవారు పాలకులు, కట్టినవారు ఈ నేల మనుషులు. ఈ రెండు మాటలూ కలిపి చెబితే, మీ పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుందని నా నమ్మకం.

శౌరి_గుంటూరు:

అందరికీ కృతజ్ఞతలు. ఇంత లోతుగా జవాబులు వస్తాయని ఊహించలేదు. తెల్లని బోమ్ జీసస్ ఫొటో అచ్చు వేయించి వెంట తీసుకువెళ్ళి, గోడ ముందు నిలబడి పిల్లలకు చూపించాలని నిర్ణయించుకున్నాను. ఒక్క చివరి ప్రశ్న: పూత లేకుండా, మరమ్మతు లేకుండా వదిలేస్తే లాటరైట్ కట్టడం ఏమవుతుందో కళ్ళకు కట్టే చోటు పాత గోవాలో ఏదైనా ఉందా? అలాగే ఒక్క రోజులో ఏవి చూడటం సాధ్యమో కూడా చెప్పండి.

పణజి_ప్రవాసి:

శౌరి గారూ, మీరు అడిగిన చోటు ఉంది. బోమ్ జీసస్‌కు ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కితే పునీత అగస్టీన్ గోపురం కనిపిస్తుంది, 46 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడిన లాటరైట్ శిథిలం. 1835లో మఠాలను రద్దు చేసి, సన్యాసులను పంపించివేశాక దాని ఆలనాపాలనా చూసేవారు లేకపోయారు. 1842లో లోపలి కమాను కప్పు కూలింది, 1931లో ముఖభాగమూ గోపురంలో కొంత భాగమూ పడిపోయాయి, 1938లో మరికొంత పోయింది. దాని పెద్ద గంట ఇప్పుడు పణజి నగరం మధ్యలో మెట్ల మీద కనిపించే అమలోద్భవి మాత దేవాలయంలో ఉంది. కప్పు పోయిన తరువాత వాన ఎంత పని చేయగలదో ఆ గుట్ట మీద పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. సే కథీడ్రల్‌కు కూడా రెండు గోపురాలుండేవి. ఒకటి 1776లో కూలితే తిరిగి కట్టలేదు, మిగిలిన దానిలోనే ‘బంగారు గంట’ అని పిలిచే పెద్ద గంట ఉంది.

అగస్టీన్ శిథిలాల దగ్గర మన తెలుగువారు తెలుసుకోవలసిన ఒక సంగతి ఉంది. జార్జియా దేశపు రాణి కేతెవాన్ మతం మారనందుకు 1624లో షిరాజ్‌లో పర్షియా రాజు షా అబ్బాస్ ఆజ్ఞతో చిత్రహింసల పాలై మరణించింది. ఆమె అవశేషాల్లో కొన్నింటిని అగస్టీన్ సభ సన్యాసులు గోవాకు తెచ్చి ఈ మఠంలో ఉంచినట్లు పాత పత్రాల్లో ఉంది. పురావస్తు శాఖ తవ్వకాల్లో దొరికిన ఒక ఎముక ఆమెదేనా అని తేల్చే పరీక్ష హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగింది. తల్లి వైపు నుంచి సంక్రమించే డీఎన్‌ఏలో భారతదేశంలో కనిపించని, జార్జియా ప్రాంతంలో కనిపించే వంశగుర్తు బయటపడిందని 2013లో ప్రకటించారు. 2021 జూలైలో భారత ప్రభుత్వం అందులో ఒక భాగాన్ని జార్జియాకు కానుకగా అందజేసింది.

ఇక వరుస. ఉదయం బోమ్ జీసస్‌తో మొదలుపెట్టండి, పూజ జరిగే వేళల్లో సందర్శకులను లోపల తిరగనివ్వరు కాబట్టి మీరు పూజకే వెళితే మంచిది. దేహాన్ని దగ్గరగా దర్శించే ప్రదర్శన పదేళ్ళకు ఒకసారి జరుగుతుంది, కిందటిది 2025 జనవరి 5తో ముగిసింది. మామూలు రోజుల్లో ఎత్తున ఉన్న పేటికను కింది నుంచి చూడటమే. అక్కడి నుంచి దారి దాటితే కథీడ్రల్, దాని పక్కనే 1661లో తిరిగి కట్టిన అస్సీసి ఫ్రాన్సిస్ దేవాలయం. దాని ద్వారం దగ్గర మాత్రం కాసేపు ఆగండి, 1521 నాటి పాత దేవాలయపు నల్లరాతి ద్వారాన్ని కొత్త గోడలో అలాగే నిలిపారు. పునీత కాజెటాన్ దేవాలయం రోము నగరంలోని పునీత పేతురు దేవాలయపు నమూనాలో ఇటలీ సన్యాసులు కట్టినది, అయిదు నిమిషాల నడక. మధ్యాహ్నం తరువాత గుట్ట ఎక్కి అగస్టీన్ శిథిలాలు, దగ్గరలోనే సాంతా మోనికా మఠంలో ఉన్న క్రైస్తవ కళా మ్యూజియం చూడవచ్చు. అధ్యాపకురాలు గారు చెప్పిన దంతపు ప్రతిమలు అక్కడ ఉన్నాయి.

గుంటూరు మీదుగా వచ్చే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే నడుస్తుంది, మడ్గావ్‌లో దిగడం మీకు అనుకూలం. డిసెంబరు 3 పండుగకు ముందు నవదిన ప్రార్థనల రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు, పిల్లలతో వస్తున్నారు కాబట్టి పండుగ దాటాక వారం ఆగి రండి. కమోయిన్ష్ విగ్రహం ఉన్న పురావస్తు మ్యూజియం శుక్రవారాలు తెరవరు, ఆ ఒక్కటీ చూసుకొని టిక్కెట్లు తీయండి.